నీళ్లు కలిపిన పాలు

డెయిరీలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. లాక్టోమీటర్ మేడమ్ అనేవాళ్లు. పాలలో ముంచితే నీళ్లు కలిశాయో లేదో చెప్పే గాజు గొట్టం పేరు ఆమెకు అతుక్కుపోయి ఏళ్లు గడిచాయి. ట్యాంకర్ గేటు దాటి లోపలికి రావాలంటే ముందు గ్లాసెడు పాలు ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె వాసన చూసేది, గాజు గొట్టం ముంచి చూసేది, ఆ తర్వాత మెషిన్‌కి పట్టించేది. బాగుంటే తల ఊపేది. బాగాలేకపోతే ఆ మాట కూడా అనేది కాదు. గ్లాసు పక్కకు జరిపి, కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కునేది. ఆమె చేతులు కడుక్కుంటున్నదంటే ఇక ఎంత బతిమాలినా లాభం లేదని డ్రైవర్లందరికీ తెలుసు.

నిన్నటి పాలు, ఇవాళ్టి పాలు, రేపటి పాలు ఒక్కలా ఉండేట్టు చూడటమే ఆమె ఉద్యోగం. వెన్న ఎక్కువైతే తీస్తారు, తక్కువైతే కలుపుతారు. ప్యాకెట్ కత్తిరించినవాళ్లకు ఎండాకాలమైనా వానాకాలమైనా నాలుక మీద తేడా తెలియకూడదు. మంచి పాలంటే మారని పాలు. ఇందులో ఆమెకు ఏనాడూ అనుమానం రాలేదు.

కడుపులో ఇద్దరున్నారని తెలిసినప్పుడు అత్తగారు కుట్టుమిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే, "మంచిదే అమ్మాయ్, ఒక్క నొప్పితో రెండు పనులయిపోతాయి" అన్నది. ఆవిడ దర్జీ. ఏ పనినైనా ఎంత గుడ్డ ఆదా అవుతుందన్నట్టే చూస్తుంది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అతను మాట్లాడటమే తక్కువ. ఆ వేళ ఇంకా తక్కువ మాట్లాడి, రెండు చిన్న మంచాలు పట్టే చోటు కోసం గదంతా టేపుతో కొలుచుకున్నాడు.

మంచాలు రాకముందే పిల్లలొచ్చారు. ఏడో నెలలో ఒక ఉదయం ఆమె పాల గ్లాసును వెలుతురుకు పట్టి చూస్తుండగా నడుములో కలుక్కుమన్నది. ఏదో పట్టేసిందనుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నది. మళ్లీ లేవలేకపోయింది. సాయంత్రానికల్లా ఆమె ఆస్పత్రి మంచం మీద ఖాళీ పొట్టతో పడుకుని ఉంది. పిల్లలు పై అంతస్తులో గాజుపెట్టెల్లో ఉన్నారు.

మర్నాడు చక్రాల కుర్చీలో తీసుకెళ్లి చూపించారు. ముందు పుట్టిన మగపిల్లవాడు కాస్త గుండ్రంగా ఉన్నాడు. వాణ్ని చూసి అత్తగారు "బుడంకాయ" అన్నది. వెనక పుట్టిన ఆడపిల్ల దగ్గరికి వచ్చి ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. ఉల్లిపొరలాంటి చర్మం కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. పాప కాలు మొత్తం చూపుడువేలంత కూడా లేదు. "పిసరంత ఉంది" అన్నది మెల్లగా. అప్పటినుంచి వాళ్లకు అవే పేర్లయ్యాయి, బుడంకాయ, పిసరు.

ఆ మధ్యాహ్నమే వార్డు సిస్టర్ వచ్చి మంచం పక్కన కూర్చుంది. చేతిలో సూది లేని చిన్న సిరంజి ఉంది.

"పాలు తీద్దామమ్మా" అన్నది.

"ఎక్కడున్నాయి సిస్టర్? నాకేం బరువుగా కూడా లేదు."

"ఉంటాయి. చుక్కలుంటాయి. నాక్కావాల్సింది చుక్కలే."

సిస్టర్ చేతులు వెచ్చగా, మెత్తగా ఉన్నాయి. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో చూపించింది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఆమె సిగ్గుతో ముడుచుకుపోయింది. అప్పుడు ఒక్క బొట్టు, తేనెలా చిక్కగా, పసుపుపచ్చగా పైకి ఉబికి ఆగింది. సిస్టర్ ఊపిరి బిగబట్టి దాన్ని సిరంజిలోకి లాక్కుంది.

"ముర్రుపాలు" అన్నది ఆమె. ఆ మాట అనగానే డెయిరీ గుర్తొచ్చింది. "ఇలాంటివి మా గేటు దగ్గరే వెనక్కి పంపేస్తాను సిస్టర్. ఈనిన కొత్తలో ఆవు ఇచ్చే పాలు కలిస్తే ట్యాంకరంతా పాడు. వేడి తగిలితే విరిగి గొట్టాలకు పట్టేస్తాయి."

"మేం చుక్క కూడా వెనక్కి పంపం" అన్నది సిస్టర్. సిరంజిని వెలుతురుకు ఎత్తి పట్టింది. "ఇది కడుపు నింపడానికి కాదు. బుగ్గ లోపల రాస్తాం. నోటి పొరకు ఇది తగిలితే చాలు, రోగాన్ని ఎలా ఆపాలో ఒంటికి పాఠం మొదలైనట్టే. ఇందులో పోరాడేవే ఎక్కువ, తిండి తక్కువ."

ఆ సిరంజిని పై అంతస్తుకు తీసుకెళ్లడం భర్త పని. నూనె మరకల చేతుల్ని మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, సిరంజిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నడిచాడు. జీవితమంతా లిఫ్టులతోనే గడిపినవాడు ఆ రోజు లిఫ్టు ఎక్కలేదు, కుదుపుకు చిందుతుందేమోనని. మెట్ల మీదుగా వెళ్లి, వచ్చి చెప్పాడు. "దూదిపుల్లతో బుగ్గలో రాశారు. పిసరు నాలుక బయటపెట్టింది."

"నాలుక బయటపెట్టిందా?"

"చప్పరించింది" అన్నాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కొన్ని రోజులకు పాలు పడ్డాయి. తల్లులు పాలు తీసుకునే గదిలో పంపులు పెట్టిన కుర్చీలు వరుసగా ఉండేవి. ఆమె పక్క కుర్చీలో ఎప్పుడూ ఒక బస్సు కండక్టర్ కూర్చునేది. ఆమెది ఒకే కాన్పులో ముగ్గురు. అందుకని వార్డులో అందరూ ఆమెను ముగ్గురమ్మ అనేవాళ్లు. గొంతు గట్టిది. పంపు గుర్రుగుర్రుమంటుంటే దాన్ని మించి వినిపించేది.

"నాకు ఆ దేవుడు ఇచ్చిన సీట్లు రెండే చెల్లీ. ప్యాసింజర్లు మాత్రం ముగ్గురు. ఒకడు ఎప్పుడూ నిలబడాల్సిందే" అని నవ్వించేది. తన పాలు ముగ్గురికీ చాలనప్పుడు ఆస్పత్రి పాలబ్యాంకు నుంచి వేరే తల్లుల పాలు ఇచ్చేవాళ్లు. దానికి ఆమె మొహం చిన్నబుచ్చుకోలేదు. "ఎవరమ్మో ఏమో, మా వాడికి మేనత్త అయిపోయింది" అనేది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అత్తగారు సీసా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. "పలచగా ఉన్నాయి అమ్మాయ్. నీలం రంగు కూడా కొడుతున్నాయి. వీటితో ఆ పిల్లలకు కండ పడుతుందా?"

వేరే ఎవరైనా ఆ మాటను ఒక చెవిన విని మరో చెవిన వదిలేసేవాళ్లే. ఆమె వదల్లేకపోయింది. అవును, పలచగా ఉన్నాయి. నీలంగానూ ఉన్నాయి. ఇలాంటి గ్లాసు తన బల్ల మీదికి వస్తే ఏం చేసి ఉండేదో ఆమెకు బాగా తెలుసు. ఆ ఆలోచన పురుగులా దొలవడం మొదలుపెట్టింది. చివరికి భర్తను పక్కకు పిలిచి, ఒక చిన్న సీసా చేతిలో పెట్టింది.

"డెయిరీకి తీసుకెళ్లండి. మా సార్‌తో మెషిన్‌లో పెట్టి చూడమని చెప్పండి. ఎవరివో చెప్పకండి."

"పిల్లలకు ఇవ్వాల్సినవి కదా?"

"అందుకే అడుగుతున్నా."

ల్యాబ్ పెద్దసార్ నెమ్మదస్తుడు. భర్త మొహం చూడగానే ఆయనకు అవి ఎవరి పాలో అర్థమైపోయింది. సాయంత్రం ఆమెకే ఫోన్ చేశాడు. క్షేమం అడిగాడు, పిల్లల గురించి అడిగాడు, వాతావరణం గురించి కూడా ఏదో అన్నాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"మెషిన్ కడిగి రెండోసారి కూడా చూశానమ్మా. మాంసకృత్తులు సగం కూడా లేవంటోంది. చక్కెర మాత్రం చాలా ఎక్కువ చూపిస్తోంది."

అంతకు మించి చెప్పనవసరం లేదు. పాలలో నీళ్లు పోసి, గాజు గొట్టానికి దొరక్కుండా చక్కెర కలిపి తెచ్చే మోసగాళ్లను ఆమె ఎంతమందిని చూసిందో. మెషిన్ వాటి మీద ఏమని తీర్పిస్తుందో కూడా తెలుసు.

"కల్తీ అన్నది కదా సార్?"

"మన మెషిన్‌కి తెలిసిందల్లా ఆవేనమ్మా" అన్నాడు ఆయన. ఆ మాట ఆమె చెవికి ఎక్కలేదు.

ఆ రాత్రంతా ఎలా గడిచిందో గానీ, పొద్దున పంపు ముందు కూర్చుంటే చేతులు ఆడలేదు. చుక్క చుక్కగా సీసాలో పడుతున్న పాలను పరాయివాటిలా చూసింది. తన బల్ల దగ్గర ఎవరినీ క్షమించని మనిషి ఇప్పుడు తన ఒంటినే గేటు బయట నిలబెట్టింది.

సరిగ్గా ఆ పొద్దునే పసిపిల్లల డాక్టరమ్మ రౌండ్లకు వచ్చి, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఇవాళ్టి నుంచి మీ పాలలో కొంచెం బలం పొడి కలుపుతామమ్మా. ఇంత చిన్న పిల్లలకు..."

"నాకు తెలుసు మేడమ్" అన్నది ఆమె. "నా పాలు బాగాలేవు. మెషిన్ కూడా చెప్పింది. నీళ్లపాలు."

డాక్టరమ్మ ఆగి, ఆమెను తేరిపార చూసింది. ఏ మెషినో, ఎక్కడిదో, అంతా అడిగి తెలుసుకుంది. నవ్వు పెదవుల దాకా వచ్చింది కానీ ఆమె కళ్లు చూసి దాన్ని లోపలికి మింగేసింది. "రండి, మీకు ఒకటి చూపించాలి" అని చెయ్యి పట్టుకుని నడిపించింది.

వార్డు చివర ఒక చిన్న గది ఉంది. అడుగు పెట్టగానే ఆమెకు వాసన తెలిసింది. వేడి పాల వాసన, కడిగిన స్టీలు వాసన. గోడకు ఆనించి ఫ్రిజ్‌లు, వాటిలో అంటించిన చీటీలతో బుల్లి సీసాల వరుసలు. మూలన దానం వచ్చిన పాలను వేడి చేసే తొట్టి. దాని మీది ముల్లు చూసి ఆమె నిలబడిపోయింది. పాలను ఎంత వేడి మీద, ఎంతసేపు ఉంచితే క్రిములు చచ్చి పాలు బతుకుతాయో, ఆ పద్ధతి తమ డెయిరీలో పాతకాలం నుంచీ ఉన్నదే. కిటికీ పక్కన బల్ల మీద తన మెషిన్‌కి చెల్లెలిలాంటి మెషిన్ ఉంది. చిన్నది, అదే పోలిక.

"ఇది మనుషుల పాలకు తయారుచేసింది" అన్నది డాక్టరమ్మ. ఆమె పాలు కాసిని అందులో పోసింది. అంకెలు వెలిగాయి. పెద్దసార్ చెప్పిన మాటే, మాంసకృత్తులు తక్కువ, చక్కెర ఎక్కువ. అంకెలు దాదాపు అవే. కానీ ఈ మెషిన్ కల్తీ అనలేదు.

"దూడ పుట్టిన పూటే లేచి నిలబడాలి. నెలలు తిరిగేసరికి ఆవులో సగమంత అవ్వాలి. దానికి కండ కావాలి, ఎముక కావాలి. మనిషి పిల్లకు ఆ తొందర లేదు. మనకు ముందు ఎదగాల్సింది తల. మెదడుకు కావాల్సింది చక్కెర. మీ పాలు దూడ కోసం చేసినవి కాదమ్మా. అంతకంటే తేడా ఏం లేదు."

ఆమె అంకెల వైపే చూస్తోంది.

"ఇంకో సంగతి చెప్పనా? మామూలుగా నెలలు నిండి కన్న తల్లికి కాన్పయిన ఇన్ని రోజులకు మాంసకృత్తులు ఇంతకంటే తక్కువ ఉంటాయి. మీకు ఎక్కువున్నాయి. పిల్లలు తొందరగా వచ్చేశారు కాబట్టి."

"ఒంటికెలా తెలిసింది మేడమ్, తొందరగా వచ్చారని?"

"కొంత తెలుసు మాకు. పూర్తిగా మాకూ తెలీదు" అన్నది డాక్టరమ్మ. అలా ఒప్పుకోవడంలో ఆమెకు ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. పైగా కళ్లు మెరిశాయి. "ఇదొకటి వినండి. పాలలో మీ మెషినూ చూడలేని, నా మెషినూ విడదీయలేని చక్కెరలు ఇంకో రకం ఉన్నాయి. వందకు పైగా రకాలు. వాటిలో ఒక్కటి కూడా బిడ్డకు అరగదు."

"అరగనప్పుడు ఎందుకు పనికొస్తాయి?"

"అవి బిడ్డకు వడ్డించినవి కాదు. బిడ్డ పేగుల్లో కాపురం పెట్టబోయే మంచి సూక్ష్మజీవుల కోసం. అవి తిని బలిస్తే చెడ్డవాటికి చోటు దొరకదు. చెడ్డవి పేగు గోడకు అతుక్కుందామని వస్తే, ఈ చక్కెరలే గోడనుకుని అతుక్కుని బయటికి కొట్టుకుపోతాయి. మీరు ఇద్దరికే పాలిస్తున్నాననుకుంటున్నారు. కోట్లమందికి భోజనం పెడుతున్నారు."

ఆమెకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లుగా పాలను విడదీసి, తూచి, ఇంతేనని తేల్చి పంపేసింది. తన రవిక లోపల, తనకు చెప్పకుండా, అడక్కుండా, ఇంత పెద్ద వంటశాల నడుస్తోంది.

"మరి పొడి ఎందుకు?" అని అడిగింది. ఈసారి గొంతులో దెబ్బతిన్న బాధ లేదు.

"వాళ్లు కడుపులో ఉండి ఉంటే ఈ నెలల్లో బొడ్డుతాడు వాళ్ల ఎముకలకు కాల్షియం, ఫాస్ఫరస్ మోసేది. తాడు తెగిపోయింది. ఆ తాడు చేసే పని కూడా పాలే చెయ్యాలనడం అన్యాయం కదా? ఆ కాస్తే మేం కలుపుతాం. మిగతాదంతా మీదే. ఆ మిగతాది మేం చెయ్యలేం, ఎవరూ చెయ్యలేరు."

బయటికొచ్చాక ఆమె భర్తకు ఫోన్ చేసి, "డెయిరీ మెషిన్‌కి తెలీదటండీ" అన్నది. అతను "ఊఁ" అన్నాడు. కాసేపు ఆగి, "నాకు ముందే తెలుసు" అన్నాడు.

అంతా కుదుటపడుతోందనుకున్న సమయంలో పిసరు పొట్ట ఉబ్బింది.

పొద్దున వెళ్లేసరికి సిస్టర్ గాజుపెట్టె దగ్గర వంగి ఉంది. చిన్న పొట్ట డప్పులా బిగిసి, మెరుస్తోంది. పాపకు పాలు ఆపేశారు, మందులు ఎక్కిస్తున్నారు. ఈ పిల్లల పేగులు ఇంకా పచ్చివని, వాటిలో చెడు చేరితే ప్రమాదమని, మందులిచ్చి ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆమె వెళ్లి పాలు తీసుకునే గదిలో కూర్చుంది కానీ పంపు ముట్టుకోలేదు.

"ఎందుకలా కూర్చున్నావు?" అన్నది ముగ్గురమ్మ.

"తాగేది లేదుగా అక్కా."

"బుడంకాయగాడు లేడా?"

"వాడికి ఫ్రిజ్‌లో ఉన్నాయి."

ముగ్గురమ్మ తన పంపు ఆపింది. అందరికీ వినిపించే ఆ గొంతు ఒక్కసారిగా చాలా మెత్తబడింది. "మా మూడోవాడికి కూడా ఇలాగే ఆపేశారు చెల్లీ. నేనూ ఇలాగే కూర్చున్నా. సిస్టర్ తిట్టింది. బస్సులో జనం లేరని రూటు ఎత్తేస్తే, రేపు జనం వచ్చాక బస్సుండదు. పిసరు తాగుతున్నట్టే ఒంటికి చెప్పు. దానికి వంతు ఉంచు."

ఆమె పంపు అందుకుంది.

ఆ మధ్యాహ్నం పిసరును ఛాతీ మీద పెట్టుకోవచ్చన్నారు. అత్తగారు మెత్తటి గుడ్డతో వెడల్పాటి పట్టీ ఒకటి కుట్టి తెచ్చింది. ఎక్కడా కుట్టు గుచ్చుకోకుండా, గొట్టాలు వెళ్లడానికి చీలికలు వదిలి, ఎంతో లాఘవంగా కుట్టింది. దాన్ని చుట్టుకుని, పాపను చర్మానికి చర్మం ఆనించుకుని ఆమె వెనక్కి వాలింది. బరువే తెలియలేదు. వెచ్చదనం మాత్రం తెలిసింది, రెండు రొమ్ముల నడుమ చిన్న దీపం పెట్టినట్టు.

సిస్టర్ దుప్పటి సర్దుతూ మెల్లగా మాట్లాడింది. "ఇలా పెట్టుకుంటే పిల్లకు మంచిదని అందరికీ తెలుసు. మీ పాలకూ పని ఉందమ్మా ఇందులో. ఈ వార్డులో ఉన్న క్రిములు పిల్ల ఒంటి మీద ఉంటాయి, గాల్లో ఉంటాయి. అవి మీలోకి పోతాయి. మీ ఒళ్లు పెద్దది, బలమైంది. వాటిని పట్టుకుని, వాటికి తగ్గ ఆయుధం చేసి, పాలలో పెట్టి పంపుతుంది. ఇంకెక్కడి క్రిములకో కాదు, ఈ గదిలో ఉన్నవాటికే."

ఆమె తల వంచింది. ముక్కు పాప నడినెత్తికి ఆనించి, నిండుగా ఊపిరి పీల్చింది. మందుల వాసన, స్పిరిట్ వాసన, వాటి అడుగున కొత్త చర్మం వాసన. మళ్లీ పీల్చింది. నుదురు ముద్దు పెట్టుకుంది, చెవి ముద్దు పెట్టుకుంది, వేళ్లు ఒక్కొక్కటీ పెదవులకు తాకించుకుంది. ఈ గదిలో నీ మీదికి వచ్చినవన్నీ ముందు నా దగ్గరికి రానీ అనుకుంది. ఇంతకాలం క్రిముల పేరు చెబితే చేతులు కడుక్కోవడమే ఆమెకు తెలుసు. ఇప్పుడు వాటిని రమ్మని పిలిచి లోపలికి పీల్చుకుంటోంది.

మందులు పనిచేశాయి. ఒళ్లు పనిచేసింది. ఏది ఎంత చేసిందో ఎవరూ విడదీసి చెప్పలేదు, ఆమె అడగలేదు. పొట్ట మెత్తబడింది. అప్పుడే తీసిన పాలు, ఇంకా వెచ్చగా ఉన్నవి, చెంచాలో నాలుగో వంతు కూడా ఉండవు, గొట్టంలోంచి పిసరు కడుపులోకి దిగాయి. అందరూ ఆ పొట్ట వైపే చూస్తూ నిలబడ్డారు. అది ఉబ్బలేదు. మర్నాడు ఇంకాస్త ఇచ్చారు.

ఆ తర్వాత వచ్చిన చిక్కు చిన్నది, కానీ మొండిది. బుడంకాయ పేరుకు తగ్గట్టు గుండ్రమవుతున్నాడు. పిసరు తాగుతోంది, అరిగించుకుంటోంది, బరువు మాత్రం కాటా మీద కదలడం లేదు. డాక్టరమ్మ ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. పాలు తీసేటప్పుడు మొదట వచ్చేవి ఒక సీసాలో, చివర్లో వచ్చేవి ఇంకో సీసాలో పట్టమన్నది. మొదటివి ఫ్రిజ్‌లో దాచాలి, చివరివి పిసరుకు ఇవ్వాలి.

ఆమె అలాగే పట్టింది. రెండు సీసాలూ కిటికీ అంచున పక్కపక్కన పెట్టి, కాసేపయ్యాక చూసి నోరు వెళ్లబెట్టింది. మొదటి సీసాలో నీలపు పాలు, పైన దారమంత మీగడ. రెండో సీసాలో పాలు తెల్లగా, చిక్కగా, పైన వేలి మందాన మీగడ. ఒకే రొమ్ము. ఒకే విడత. మొదటి గుటకకూ చివరి గుటకకూ మధ్య పాలే మారిపోయాయి. ఇలాంటి రెండు సీసాలు తన బల్ల మీదికి వస్తే, ఇవి రెండూ ఒకే ట్యాంకర్‌వని డ్రైవర్ ప్రమాణం చేసినా నమ్మి ఉండేది కాదు.

అత్తగారు వచ్చి వంగి చూసింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. "అయితే నేనారోజు చూసింది ముందు పాలన్నమాట" అన్నది. కొంచెం ఆగి, "నా నలుగురికీ ఇచ్చాను అమ్మాయ్. ఒక్కనాడూ చూసుకోలేదు. ఇవా నా దగ్గరున్నవి?" అన్నది. ముక్కున వేలేసుకుని ఆ సీసాల ముందు చాలాసేపు నిలబడింది. అరవై దాటిన మనిషి, కన్నపిల్లలెప్పుడో పెద్దవాళ్లయిపోయిన మనిషి, తన పైట మీద చెయ్యి వేసుకుని, అక్కడ ఒకప్పుడు ఏం జరిగిందో ఇప్పుడే విన్నట్టు నిలబడింది.

మీగడ పాలు ఇచ్చేటప్పుడు సిస్టర్ సిరంజి మూతిని పైకి వంచి పట్టుకునేది, మీగడ సిరంజిలోనే ఉండిపోకుండా ముందు అదే వెళ్లేట్టు. కాటా కదిలింది. మొదట ఒక నూలుపోగంత. తర్వాత రోజూ. పిసరు బుగ్గల్లో ఇంతకుముందు లేని నునుపు కనబడింది. ముగ్గురమ్మ తన ముగ్గురినీ ఎత్తుకుని ఇంటికి వెళ్లే రోజు పిసరును చూడటానికి వచ్చి, "ఇదేంటి, ఇది టికెట్ తీసుకోవాల్సినంత అయింది" అన్నది.

ఇద్దరినీ ఒకేసారి రొమ్ముకు పెట్టిన రోజు ఎండ బాగా కాసింది. గొట్టాలు తీసేసి అప్పటికి కొద్ది రోజులే అయింది. ఒక్కొక్కరూ విడివిడిగా తాగడం నేర్చుకున్నారు. సిస్టర్ ఆమెకు రెండు పక్కలా దిండ్లు పేర్చి, ముందు పిసరును పట్టించింది. పిసరు వెతుక్కుంది, జారిపోయింది, మళ్లీ వెతుక్కుని పట్టుకుంది. దవడ కదిలింది. అంతే, రెండో పక్క ఎవరూ తాకకుండానే పాలు చిమ్మాయి. సిస్టర్ చేతిలో ఉన్న బుడంకాయ ముక్కు మీద, కనురెప్ప మీద పడ్డాయి. వాడు ఉలిక్కిపడి, నాలుక చాపి, గాలిలో నోరు తెరిచాడు.

భర్త మంచం చివర నిలబడి ఉన్నాడు. "అక్కడ నొక్కితే ఇక్కడ తలుపు తెరుచుకుందే" అన్నాడు. అది అతను నవ్వించడానికి అన్న మాట కాదు. మెకానిక్ కళ్లతో ఆమె మెడ నుంచి నడుము దాకా ఏదో వైరు కోసం వెతుకుతున్నట్టు చూశాడు.

బుడంకాయ గటగటా తాగుతున్నాడు. పిసరు రెండు గుటకలు తాగి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ తాగుతోంది. ఇద్దరికీ ఒకే తొందర లేదు, ఒకే ఆకలి లేదు. ఒక్క ఒంట్లోంచే ఎవరికి కావాల్సినంత వాళ్లకు, ఎవరి వేగానికి తగ్గట్టు వాళ్లకు వెళ్తోంది. ఆమె కదలకుండా కూర్చుంది. తను ఏమీ చెయ్యడం లేదు. జరగనిస్తోంది. పెద్ద వాన కురుస్తుంటే వసారాలో నిలబడి చూసినట్టు తన ఒంటినే చూస్తోంది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ ఇంటికి తీసుకెళ్లొచ్చన్నది. పిసరుకు ఇంకొంతకాలం పొడి కలపాలని, ఇద్దరినీ తరచు తెచ్చి చూపించాలని చెప్పింది. బుడంకాయను అత్తగారు ఎత్తుకుంది, పిసరును భర్త ఎత్తుకున్నాడు. ఇద్దరూ కడుపునిండా తాగి ఒళ్లెరగకుండా నిద్రపోతున్నారు. ఆమె ఖాళీ చేతులతో వెనకాల నడిచింది.

కింద హాల్లో జనం కిటకిటలాడుతున్నారు. మందుల కౌంటర్ దగ్గర క్యూ, తడిగుడ్డతో నేల తుడుస్తున్న ఆయా, బెంచీల మీద నిద్రపోతున్న మనుషులు. తలుపు దాకా వచ్చాక ఆమె ఆగిపోయింది. రెండు రొమ్ములూ సలపరించి, బిగిసి, రవిక ముందుభాగం వెచ్చగా తడిసిపోతోంది.

భర్త వెనక్కి తిరిగాడు. "ఏమైంది?"

ఆమె హాలు వైపు చూసింది. ఎక్కడో ఆ జనం వెనక, ఏ బెంచీ మీదో కనబడటం లేదు, ఒక పసిబిడ్డ సన్నగా, ఆగకుండా ఏడుస్తోంది.

"ఎవరి బిడ్డో ఏడుస్తోంది" అన్నది.

"మనవాళ్లిద్దరూ నిద్రపోతున్నారుగా."

"నాకు తెలుసండీ" అన్నది ఆమె. తడిసిన పైట మీద చెయ్యి పెట్టుకుంది. "పాలకు తెలీదు."

ఆ బిడ్డకు తల్లి దొరికినట్టుంది, ఏడుపు ఆగింది. ఆమె ఇంకా కాసేపు అక్కడే నిలబడి, పైట సర్దుకుని, ఎండలోకి నడిచింది.